హుస్సేన్‌సాగర్ నుంచి మానేరుకు లేజర్ పడవ: ఎప్పుడు తేవాలి, ఎక్కడ పెట్టాలి?

తెరచాప (హన్మకొండ)

అందరికీ నమస్తే. నా దగ్గర పాత లేజర్ పడవ ఒకటి ఉంది. ఒక్కరు నడిపేది, ఇంజిన్ లేదు, ఒకటే తెరచాప. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లు హుస్సేన్‌సాగర్ ఒడ్డునే ఉండేది. ఇప్పుడు బదిలీ మీద సొంతూరికి వచ్చేశాను. ప్రతి ఆదివారం సికింద్రాబాద్ పోయి రావడం కుదరడం లేదు, ఇంట్లో సణుగుడు కూడా మొదలైంది.

నా ఆలోచన ఇది. వానాకాలం గాలి ఉన్నన్నాళ్లు పడవ హుస్సేన్‌సాగర్‌లోనే ఉంటుంది. లోయర్ మానేరు నిండాక కరీంనగర్ తెచ్చుకుంటాను. ఎండలు ముదరక ముందే మళ్లీ పంపించేస్తాను. అంటే పడవకు ఏడాదికి రెండు కాపురాలు. ఏ నెలలో తేవాలి, ఏ బండిలో తేవాలి, ఒడ్డున ఎక్కడ పెట్టాలి, ఎవరిని అడగాలి? ఇంకో మాట. పాకాల, రామప్ప, లక్నవరం, ధర్మసాగర్ కూడా ఉన్నాయి కదా, వాటిలో ఏదైనా పనికొస్తుందా?

కాజీపేట జంక్షన్

భద్రకాళి చెరువు ఇంటి పక్కనే ఉండగా మానేరు దాకా ఎందుకన్నా?

పాకాల పిట్ట (నర్సంపేట)

భద్రకాళిని పూడిక తీయడానికి 2024 చివర్లో ఖాళీ చేశారు. ఆ సంగతి పక్కన పెట్టినా, అమ్మవారి గుడి ముందు తెరచాప ఎవరు ఎత్తనిస్తారు?

పాకాల గురించి నేను చెప్తాను. గణపతిదేవుడి కాలంలో 1213లో కట్టిన చెరువు, అందంలో దానికి సాటి లేదు. కానీ అభయారణ్యంలో ఉంది, ప్రతిదానికీ అటవీశాఖను అడగాలి. పైగా చుట్టూ గుట్టలు, చెట్లు. గాలి ఒక దిక్కు నుంచి రాదు. కాసేపు చాప ఊరికే కొట్టుకుంటుంది, ఉన్నట్టుండి గుట్టల సందులోంచి ఒక విసురు వచ్చి పడవను పక్కకు పడేస్తుంది. రామప్ప, లక్నవరంలో కూడా ఇదే తంతు. లక్నవరంలో దీవులు, తీగల వంతెన, టూరిస్టు బోట్లు అదనం. ఆరు మీటర్ల మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) పెట్టుకుని ఆ వంతెన కింద దూరే పని పెట్టుకోకండి. ధర్మసాగర్‌లోవి దేవాదుల నీళ్లు, వరంగల్‌కు తాగడానికి పోయేవి. విస్తీర్ణం కూడా చిన్నదే, దాని జోలికి పోవద్దు.

సాగర్ పాతకాపు (సికింద్రాబాద్)

తమ్ముడూ, మానేరే సరైంది. పది కిలోమీటర్లకు పైనే కట్ట, ఎదురుగా విశాలంగా నీళ్లు, గాలికి అడ్డం లేదు. కాకపోతే ఒక సంగతి ముందే తెలుసుకో. మన దగ్గర గాలి ఉన్నప్పుడు నీళ్లుండవు, నీళ్లున్నప్పుడు గాలి ఉండదు.

నైరుతి గాలి జోరు జూన్ నుంచి ఆగస్టు దాకా. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జూలైలో పెట్టుకునేది అందుకే. ఆ నెలల్లో మానేరు చాలా ఏళ్లలో అడుగంటి ఉంటుంది. అది నిండేసరికి ఆగస్టు చివరో సెప్టెంబరో అవుతుంది, అప్పటికి ఇక్కడ గాలి తగ్గుముఖం పడుతుంది. అక్టోబర్ నుంచి ఈశాన్యపు గాలి, అదీ పల్చగా. నవంబర్, డిసెంబర్‌లో పొద్దున పూట చాప వేలాడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం ఆరేడు నాట్ల (గంటకు పదకొండు నుంచి పదమూడు కిలోమీటర్ల) గాలి తగిలితే పండగే.

అందుకని నిరుత్సాహపడొద్దు. పిల్లలకు నేర్పడానికి, కొత్తవాళ్ల భయం పోగొట్టడానికి అంతకంటే మంచి కాలం లేదు. దూకుడు కావాలంటే జూలైలో ఇక్కడికే రావాలి. ఆ లెక్కన నీ ఆలోచన బాగానే కుదిరింది.

పడవను ఇక్కడినుంచి తీసే తేదీ విషయంలో మాత్రం జాగ్రత్త. అనంత చతుర్దశి వారంలో ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్డు వైపు బండి తేవడం అయ్యే పని కాదు. క్రేన్లు, బారికేడ్లు, జనం. నిమజ్జనం తర్వాత నీళ్లలో విగ్రహాల ఇనుప చువ్వలు, కర్రలు ఉంటాయి, హల్ (పడవ ఒళ్లు) గీసుకుపోతుంది. అందుకే నిమజ్జనానికి ముందే ఒడ్డుకెక్కించి, కడిగి, ఆరబెట్టి ఉంచు. సందడి తగ్గాక లోడ్ చేసుకో.

తెరచాప

థాంక్యూ అన్నా. గాలి సంగతి తెలిసే ఒప్పుకుంటున్నాను. మా పాపకు నేర్పాలని కూడా ఉంది, పల్చటి గాలే మేలు. అయితే సెప్టెంబర్ ఆఖరు అనుకోవచ్చా?

లష్కర్ కొడుకు (తిమ్మాపూర్)

క్యాలెండర్ చూసి కాదు, నీటిమట్టం చూసి రావాలి సార్. మా నాయన ఎల్ఎండీలో, అంటే లోయర్ మానేరు డ్యామ్‌లో, లష్కర్‌గా (గేట్లు, కాలువ నీళ్లు చూసుకునే పని) చేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో పేపర్ రాగానే ముందు చూసేది ప్రాజెక్టుల నీటిమట్టాల పట్టికే.

మానేరు పూర్తి మట్టం 920 అడుగులు, 24 టీఎంసీలు. సొంత వాగు నీళ్లు వస్తాయి, పైన మిడ్ మానేరు నుంచి వదిలితే వస్తాయి, కాకతీయ కాలువలో ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) నీళ్లు వస్తాయి. ఏ ఏడు ఏది ముందొస్తుందో చెప్పలేం. ఇన్‌ఫ్లో బాగా ఉండి 20 గేట్లలో కొన్ని ఎత్తి ఉన్నాయంటే ఆ రోజుల్లో పడవ మాటే ఎత్తొద్దు. గేట్లు దించేసి, మట్టం నిలకడగా ఉన్నప్పుడే దించండి.

అసలు చిక్కు నిండడంలో లేదు, దిగడంలో ఉంది. యాసంగి నాట్ల కోసం కాలువకు నీళ్లు వదలడం మొదలైందంటే ఇక మట్టం దిగుతూనే ఉంటుంది. శిఖం వైపు, అంటే నీళ్లు దిగాక బయటపడే నేల వైపు, చాలా చదును. నిలువునా ఒక అడుగు దిగితే నీటి అంచు అడ్డంగా ఎంతో దూరం వెనక్కి పోతుంది. ఆ మధ్యలో మిగిలేది బురద. పైన ఎండి పర్రెలు విచ్చి గట్టి నేలలాగే కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుంది. అలాంటి చోట అరవై కిలోల పడవను ఇద్దరు మోయలేరు, నలుగురు కూడా మోయలేరు. అక్టోబర్‌లో నీళ్ల పక్కనే అందంగా పెట్టుకున్న పడవ ఫిబ్రవరికి నీళ్లకు ఎంత దూరంలో ఉంటుందో ఊహించుకోండి.

అందుకే పడవ దించే చోటు కాదు, జనవరిలో దాన్ని వెనక్కి తెచ్చే దారి వెతకండి. కట్ట వైపు మొత్తం రాతి పేర్పు, అక్కడ దించలేరు, దించనివ్వరు కూడా. గేట్ల వైపుకూ, కాకతీయ కాలువ తూము వైపుకూ అసలే పోవద్దు. శిఖంలో మొరం తేలిన జాగాలు అక్కడక్కడా ఉంటాయి. అవి ఎక్కడున్నాయో కనుక్కోవడం సులువు. బెస్తవాళ్లు తెప్పలు ఎక్కడ ఆపుతున్నారో చూడండి. మట్టం దిగినా కాలు దిగబడని చోటు వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

కాజీపేట జంక్షన్

ఇంత కష్టం దేనికి? కాకతీయ కాలువలో వదిలేస్తే పడవ తనంతట తానే వరంగల్ వచ్చేస్తుంది కదా!

లష్కర్ కొడుకు

నవ్వులాటకే అన్నా, ఇది చదివి ఎవరైనా నిజంగా దిగుతారని చెప్తున్నాను. కాలువ మొత్తం 284 కిలోమీటర్లు, శ్రీరాంసాగర్ ఉన్న పోచంపాడు నుంచి ఎల్ఎండీ దాకా 146. మధ్యలో రెగ్యులేటర్లు, తక్కువ ఎత్తు వంతెనలు. రెండు వైపులా లైనింగ్ వాలు, పాచి పట్టి ఉంటుంది. ఈత వచ్చినవాళ్లే గట్టు పట్టుకోలేక కొట్టుకుపోతుంటారు. చాప ఉన్నా, ఇంజిన్ ఉన్నా కాలువలోకి పోవద్దు.

పాకాల పిట్ట

మిడ్ మానేరు సంగతేంటి? అది ఇంకా పెద్దది కదా. మేడిగడ్డ కుంగిన తర్వాత అందులోకి నీళ్లు వస్తున్నాయా లేదా అనేది వేరే గొడవ, అసలు ఈ ప్రభుత్వాలు...

నిర్వాహకుడు

మిగతా వాక్యం తీసేశాను. ఇక్కడ పడవ గురించే మాట్లాడుకుందాం.

లష్కర్ కొడుకు

మిడ్ మానేరు కింద ముంపు ఊళ్లున్నాయి. అనుపురం, రుద్రవరం, కొదురుపాక, చీర్లవంచ. మట్టం దిగినప్పుడు మొండి గోడలు, గుడి శిఖరాలు బయటపడుతుంటాయి. నిండుగా ఉన్నప్పుడు అవన్నీ నీళ్ల కిందే. డాగర్‌బోర్డు (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) తగిలితే విరిగేది బోర్డు ఒక్కటే కాదు, దాని పెట్టె పగిలి హల్‌లోకి నీళ్లొస్తాయి. తెలియని నీళ్లలో అలాంటి జూదం ఎందుకు?

డీసీఎం భాయ్ (అలుగునూర్)

బండి గురించి నేను చెప్తా. లేజర్ పొడవు 4.2 మీటర్లంటున్నారు, అంటే దాదాపు 14 అడుగులు. టాటా ఏస్ బాడీ ఏడడుగులు, సగం పడవ బయటే వేలాడుతుంది. బొలెరో ట్రాలీలో కూడా ముందూ వెనకా బయటికొస్తుంది, ఎర్ర గుడ్డ కట్టి తెచ్చేవాళ్లున్నారు గానీ రాజీవ్ రహదారి మీద ఆ సాహసం వద్దు. డీసీఎం అయితే పడవ లోపలే పడుతుంది, మాస్ట్ ముక్కలు కూడా పక్కనే పడతాయి.

కిరాయి తగ్గాలంటే ఒక ఉపాయం. మా వైపు నుంచి రాత్రి కూరగాయలతో బోయినపల్లి మార్కెట్‌కు పోయిన బండ్లు పొద్దున ఖాళీగా తిరిగొస్తాయి. బోయినపల్లి నుంచి హుస్సేన్‌సాగర్ ఎంత దూరం? వాళ్లకు డీజిల్ ఖర్చు వచ్చినా సంతోషమే. కాకపోతే పగలు సిటీలోకి పెద్ద బండ్లకు టైమింగ్స్ ఉంటాయి, తెల్లవారుజామునే లోడ్ చేసుకుని శామీర్‌పేట దాటేయాలి. అక్కడినుంచి ప్రజ్ఞాపూర్, సిద్దిపేట బైపాస్, తిమ్మాపూర్. మధ్యాహ్నం భోజనం వేళకు ఎల్ఎండీలో ఉంటారు. టోల్ ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోండి, గొడవలన్నీ అక్కడే.

పడవ కొన్న రసీదు, క్లబ్ ఇచ్చిన కాగితం వెంట పెట్టుకోండి. పోలీసులు ఆపేది అనుమానంతో కాదు, లోపల ఏముందో చూద్దామని. చూశాక ఫోటో దిగుతారు.

సాగర్ పాతకాపు

భాయ్ చెప్పింది బాగుంది. కట్టడం గురించి రెండు మాటలు కలుపుతాను, లేజర్లు పాడయ్యేది నీళ్లలో కంటే రోడ్డు మీదే ఎక్కువ.

పడవను బోర్లించి పెట్టు. బరువంతా రెండు పక్కల అంచుల మీద పడాలి. కింద పాత టైర్లు, వాటి మీద గోనె సంచులు. హల్ అడుగు ఫైబర్‌గ్లాస్, లోపల డొల్ల. దాన్ని చెక్క మీద నేరుగా పెట్టి పైనుంచి తాడు బిగిస్తే ఎండకు మెత్తబడి సొట్ట పడుతుంది. ఆ సొట్ట మళ్లీ పోదు. తాడు కదలకుండా ఉండేంత బిగిస్తే చాలు, లారీలో బియ్యం బస్తాలకు బిగించినట్టు లోడర్లు కాలు పెట్టి గుంజుతారు, అది చేయనివ్వొద్దు. ఇన్‌స్పెక్షన్ మూత తీసి ఉంచు, ఎండలో లోపలి గాలి వ్యాకోచించి అతుకుల మీద ఒత్తిడి పెడుతుంది. మాస్ట్ ముక్కలను పాత దుప్పట్లో చుట్టు. సెయిల్ మడత పెట్టొద్దు, చుట్ట చుట్టి గొట్టంలో పెట్టి డ్రైవర్ క్యాబిన్‌లో నీ పక్కనే ఉంచుకో.

ఇక కడగడం. దీని మీద నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను. హుస్సేన్‌సాగర్ నీళ్లు ఎలాంటివో అందరికీ తెలుసు. మానేరు కరీంనగర్‌కు మంచినీళ్లు. గుర్రపుడెక్క పిలక ముక్క డాగర్‌బోర్డు పెట్టెలో ఇరుక్కుని పోయినా చాలు, అక్కడ మొలకెత్తుతుంది. పెట్టెలో పైపు పెట్టి మంచినీళ్లతో కడుగు, డాలీ (ఒడ్డున పడవను తోసుకుపోయే చిన్న బండి) చక్రాలు కడుగు, తాళ్లు ఉతుకు. హల్‌లో మిగిలిన నీళ్లు ఇక్కడే ఒంపేయి. అన్నీ ఎండలో బాగా ఆరాకే బండెక్కించు.

మిషిగన్ గాలి (చికాగో, సొంతూరు జనగామ)

మా దగ్గర ఇదే పని చలి కోసం చేస్తాం, మీరు యాసంగి కోసం చేస్తున్నారు. చదువుతుంటే సరదాగా ఉంది. ఇక్కడ హార్బర్లు మే నుంచి అక్టోబర్ దాకానే. చలికాలమంతా చాలా పడవలు చికాగో నది ఒడ్డున యార్డుల్లో ఉంటాయి. వసంతంలో బుధ, శనివారాల్లో గుంపులుగా బయల్దేరి నది వెంట మిషిగన్ సరస్సులోకి పోతాయి. మాస్టులు నిలబెట్టి ఉంటాయి కాబట్టి దారిలో వంతెనలను ఒక్కొక్కటిగా పైకి లేపాలి. డౌన్‌టౌన్‌లో ఆఫీసుకు పోయేవాళ్లు కార్లాపుకుని చూస్తుంటారు. ఆకురాలు కాలంలో మళ్లీ వెనక్కి ఇదే ఊరేగింపు.

మా యార్డులో పెద్దలు నేర్పిన పద్ధతి ఒకటి మీకూ పనికొస్తుంది. దూరం నుంచి తెచ్చిన పడవ నీళ్లలో దిగిన రోజు చాప ఎత్తొద్దు. ఒడ్డు పక్కనే నడుం లోతులో కాసేపు తేలనిచ్చి, మూత తెరిచి లోపలికి నీరు చేరిందా చూడాలి. ప్రయాణపు కుదుపులకు ఏదో ఒకటి కదిలి ఉంటుంది. డ్రెయిన్ ప్లగ్గు చిన్న వస్తువు, అదే పోతుంది, అది లేకపోతే పడవ ప్రయాణమే లేదు. అదనపు ప్లగ్గు ఒకటి టిల్లర్‌కు (చుక్కాని తిప్పే పిడికి) టేపుతో అంటించి పెట్టండి.

మానేరు వల

చాలా సేపటి నుంచి చదువుతున్నా. మాది మత్స్యకార కుటుంబం, మానేరు మీదే బతుకు. అందరూ నీళ్ల గురించి, గాలి గురించి మాట్లాడారు గానీ వలల గురించి ఒక్కరూ అడగలేదు.

మేం సాయంత్రం వల వేసి తెల్లారి తీస్తాం. గుర్తుకు థర్మాకోల్ ముక్కలో, ఖాళీ నీళ్ల బాటిళ్లో కడతాం. దూరం నుంచి అవి చెత్తలాగే కనిపిస్తాయి, దగ్గరికొచ్చేదాకా వల అని తెలియదు. మీ పడవ కింద ఆ పలక ఎంత లోతు ఉంటుందో ఫోటోలో చూశా. అది మా వలలో పడితే వల చిరుగుతుంది, మీ పడవా ఆగిపోతుంది. పోయినేడు ఎవరో స్పీడ్ బోటు తిప్పి వలలు తెంపేసిపోయారు, అడిగితే పలికినవాడు లేడు. మా వాళ్లకు కొత్త పడవ కనిపిస్తే కోపం రావడానికి కారణం అదే. మీ మీద కాదు.

ముందు సంఘం అధ్యక్షుడిని కలవండి. ఫోన్‌లో కాదు, వచ్చి కలవండి. ఏ వైపు వలలు ఉండవో మేమే చెప్తాం. పొద్దున తొమ్మిది తర్వాత వలలన్నీ ఒడ్డుకొచ్చేస్తాయి, సాయంత్రం నాలుగు లోపు మీరు ఒడ్డుకొస్తే ఎవరికీ ఇబ్బంది లేదు.

తెరచాప

అన్నా, ఈ మాట చెప్పినందుకు చాలా సంతోషం. గాలి కూడా మధ్యాహ్నమే వస్తుందంటున్నారు కాబట్టి ఆ వేళలు నాకు సరిగ్గా సరిపోతాయి. గుర్తులు కనిపిస్తే డాగర్‌బోర్డు సగం పైకి లాగుతాను, రడ్డర్ (చుక్కాని) కూడా లేపుతాను. వల తెగితే డబ్బు నాదే, ఆ మాట సంఘంలో చెప్పే ఇస్తాను.

పర్మిషన్ సంగతి ఎవరైనా చెప్పండి.

లష్కర్ కొడుకు

రిజర్వాయర్ నీటిపారుదల శాఖది. డీఈ ఆఫీసుకో ఈఈ ఆఫీసుకో రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి, నోటి మాట పనికిరాదు. ఇంజిన్ లేదు, పెట్రోల్ లేదు, ఆయిల్ లేదు అని మొదటి వాక్యంలోనే రాయండి. తాగునీటి ప్రాజెక్టు కాబట్టి వాళ్లు మొదట అడిగేది అదే. పడవ కొలతలు, ఫోటో, లైఫ్ జాకెట్లు ఉన్నాయన్న మాట, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉంచుతారు, ఇవన్నీ పెట్టండి. 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టంలో యంత్రం లేని పడవలకు వేరే అధ్యాయమే ఉంది, ఆ సంగతి కూడా రాస్తే ఫైలు చూసేవాళ్లకు సులువు. టూరిజం వాళ్ల బోటింగ్ పాయింట్‌కు దూరంగా ఉంటానని రాస్తే ఇంకో తలనొప్పి తగ్గుతుంది. ఒక కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.

రిటైర్డ్ లైన్‌మన్ (హుజూరాబాద్)

ఒక్క మాట చెప్పి పోతాను, దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. మాస్ట్ అల్యూమినియంది అన్నారు. నీళ్లు వెనక్కి పోయేకొద్దీ రైతులు మోటార్లు ముందుకు జరుపుకుంటూ పోతారు. వాటి వైర్లు వెదురు బొంగుల మీద, తుమ్మ కొమ్మల మీద తలకు కొంచెం పైనే వేలాడుతుంటాయి. కొన్ని చోట్ల పైన 11 కేవీ లైను కూడా ఉంటుంది. ఆరు మీటర్ల మాస్ట్ నిలబెట్టి డాలీ తోసుకుంటూ తల కిందికి వంచుకుని పోయే మనిషికి పైన ఏముందో కనిపించదు. 11 కేవీకి మాస్ట్ ఆనాల్సిన పని కూడా లేదు, దగ్గరికి పోతే చాలు.

మాస్ట్ నీటి అంచు దగ్గరే ఎత్తండి, అక్కడే దించండి. నిలబెట్టి ఒడ్డు మీద నడిపించొద్దు. పోయిన వారం లేని వైరు ఈ వారం ఉండొచ్చు, ప్రతిసారీ తలెత్తి చూడాలి.

సాగర్ పాతకాపు

ఇది అందరికంటే ముందు నేను చెప్పాల్సిన మాట. లైన్‌మన్ గారూ, థాంక్యూ.

తిరుగు ప్రయాణం గురించి కూడా ఒక మాట. మార్చి వచ్చిందంటే మన వైపు సాయంత్రాలు నమ్మకం లేదు. అప్పటిదాకా ఆకు కదలదు, పడమర నల్లగా కమ్ముకుని ఒక్కసారిగా గాలిదుమారం, వెనకాలే వడగండ్లు. దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకో, హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఇచ్చే మూడు గంటల సూచనలు చూస్తుండు. నా సలహా అయితే ఫిబ్రవరిలోనే పడవను తీసేయడం. నీళ్లూ దూరమవుతాయి, గాలీ తిక్కగా ఉంటుంది. జూన్ దాకా ఎవరి షెడ్డులోనైనా బోర్లించి పెట్టు, సెయిల్ మాత్రం ఇంటికి తీసుకుపో. షెడ్డులో ఎలుకలు దాన్ని వదలవు.

కాజీపేట జంక్షన్

షెడ్డు మా మామయ్యది ఉంది, ఎల్కతుర్తిలో. వడ్లు పెట్టేది, ఇప్పుడు ఖాళీ. పడవను చూడ్డానికి ఊరంతా వస్తుంది, అదొక్కటే సమస్య.

తెరచాప

జంక్షన్ భాయ్, పొద్దుటి నుంచి నువ్వు చెప్పినవాటిలో ఇదొక్కటే పనికొచ్చే మాట. మామయ్యను అడుగు, అద్దె ఇస్తాను.

నిమజ్జనానికి ముందే పడవ ఒడ్డెక్కించి కడిగిస్తాను. ఈలోపు దరఖాస్తు ఇస్తాను. వచ్చే ఆదివారం పడవ లేకుండా వచ్చి సంఘం పెద్దలను కలిసి, మొరం జాగా చూసుకుంటాను. మట్టం నిలకడగా ఉందని లష్కర్ కొడుకు చెప్పాకే బండి మాట్లాడతాను.

మానేరు వల

ఆదివారం తొమ్మిదికి రండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకురండి, తుమ్మ ముళ్లుంటాయి. పొడుగు కర్ర ఒకటి తెచ్చుకోండి, బురద ఎంత లోతుందో పొడిచి చూపిస్తాను. పాపను కూడా తీసుకురండి, తెప్ప మీద ఒక చుట్టు తిప్పుతాం, కానీ ఆమె సైజు లైఫ్ జాకెట్ మా దగ్గర లేదు, అది మీరే తేవాలి.

డీసీఎం భాయ్

బోయినపల్లి పోయే బండి డ్రైవర్‌తో మాట్లాడాను, ఒప్పుకున్నాడు. టైర్లు నాలుగు నా దగ్గరున్నాయి. గోనె సంచులు మీరే చూసుకోండి, ఈ సీజన్‌లో వాటికి కరువు.